కాగితం మీద ఆరోగ్యం

మిలిటరీ క్వార్టర్స్‌లో ఆయన్ని అందరూ గుర్రం అనేవాళ్లు. యూనిట్ పరుగు పందేల్లో పదేళ్లపాటు ఆయన్ని దాటినవాడు లేడు. అందుకని భార్య గుర్రం వదిన అయింది. "గుర్రాన్ని కట్టుకున్నాక దాణా పెట్టక తప్పుతుందా మరిదీ" అని పక్క క్వార్టర్ సైనికుడితో ఆమె కూడా నవ్వేసేది.

పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఏడు ఊళ్లు. ఎక్కడికెళ్లినా అవే రెండు గదులు, అవే ఆకుపచ్చ తలుపులు, కాలి మీద నంబరు వేసిన మంచాలు. చూడ్డానికొచ్చిన ఆమె అక్క ముక్కున వేలేసుకుంది. "నీకేమే. అద్దె లేదు, క్యాంటీన్లో అన్నీ చవక, జలుబు నుంచి ఆపరేషన్ దాకా అంతా ఉచితం."

అందులో ఒక్కటీ అబద్ధం కాదు. కాకపోతే వాటి కింద ఒక షరతుంది. సైన్యంలో చేరమని గోడల మీద అంటించే బొమ్మల్లో దాన్ని రాయరు. మనిషి కాగితం మీద ఆరోగ్యంగా ఉండాలి. జబ్బని ఆసుపత్రి రాసిందా, ఆరోగ్యాన్ని బట్టి వేసే మెడికల్ కేటగిరీ పడిపోతుంది. కేటగిరీ పడితే ప్రమోషన్ రాదు. ప్రమోషన్ రాకపోతే ఆయన ర్యాంకులో ఆ వేసవికే సర్వీసు అయిపోతుంది, మూడు నెలల్లో క్వార్టర్ ఖాళీ చెయ్యాలి.

కూతురు అప్పుడే పది పాసైంది. అప్పటికి ఐదు బళ్లు మారింది. ఇక్కడే మొదటిసారి దానికో స్నేహితురాలు దొరికింది, లెక్కల్లో మొదటి మార్కు వచ్చింది. ప్రమోషన్ వస్తే ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉండొచ్చు, పన్నెండు పూర్తవుతుంది. ఆ మొగుడూ పెళ్లాలకి కావలసింది ఆ రెండేళ్లే.

ఒకరోజు పొద్దున్నే బూటు లేసు కట్టుకుంటూ ఆయన ఛాతీ పట్టుకున్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"ఆసుపత్రికి పదండి. గోడ దాటితే చాలు."

"గోడ దాటితే కాగితమెక్కుతాను. పై నెలలోనే ప్రమోషన్ పరుగు. కొంప ముంచకు."

బస్సెక్కి టౌన్లో ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్లారు. చీటీలో బావమరిది పేరు రాయించాడు. డాక్టరు ఆ పొట్టి క్రాపు కేసి చూసి ఏం పని చేస్తావన్నాడు.

"సెక్యూరిటీ గార్డునండి."

"ఏ బ్యాంకుకయ్యా? కుర్చీలో కూడా అటెన్షన్లో కూర్చున్నావు."

ఆమె చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మిషన్లోంచి వచ్చిన గీతల కాగితం చూశాక డాక్టరు మళ్లీ జోకు వెయ్యలేదు. మాత్రలు రాసిచ్చి, పరుగులు, బరువులు పూర్తిగా మానెయ్యమన్నాడు. ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రిలో చూపించమన్నాడు. ఇంటికొచ్చాక, క్వార్టర్స్ తనిఖీకి ఎవరైనా వస్తారని ఆమె మాత్రల్ని పప్పు డబ్బా అడుగున పెట్టింది.

మాత్ర వేసుకుంటే నాడి నెమ్మదిస్తుంది. పరుగుకి ముందు మిలిటరీ డాక్టరు చెయ్యి పట్టుకుంటే దొరికిపోతానని ఆయన భయం. "రెండ్రోజులు ఆపేద్దామే" అన్నాడు. వద్దనడానికి ఆమె నోరు తెరిచింది. పక్క గదిలో కూతురు కొత్త పుస్తకాలకి అట్టలు వేసుకుంటోంది. "మీ ఇష్టం" అంది.

పరుగు ఐదు కిలోమీటర్లు. ఆయన టైముకి ముందే వచ్చేశాడు. "ముసలైనా గుర్రం గుర్రమే" అన్నారెవరో. గుమాస్తా పాస్ అని రాసుకున్నాడు. ఆయన నేల మీద చతికిలబడి బూటు విప్పుకోబోయి, అలాగే పక్కకి ఒరిగిపోయాడు.

ఇన్నాళ్లూ వెళ్లని ఆసుపత్రికి నలుగురూ మోసుకెళ్లారు. అప్పటికే ప్రాణం పోయింది.

"గుండె జబ్బేమైనా ముందునుంచీ ఉందా అమ్మా?" డాక్టరు కలం పట్టుకుని అడిగాడు.

డాక్టరు వెనకాల, ఆమె మరిదీ అని పిలిచే పక్క క్వార్టర్ సైనికుడు నిలబడి ఉన్నాడు. వద్దన్నట్టు తల ఊపాడు. జబ్బు దాచాడని తేలితే డ్యూటీలో చావుగా లెక్కెయ్యరు.

"లేదు సార్. ఎప్పుడూ తలనొప్పని కూడా అనలేదు."

డాక్టరు ఆ మాటే రాసుకున్నాడు. వైద్యం ఉచితమని చెప్పి, వాడుకున్నవాడి బతుకుతెరువు లాగేసుకునే ఏర్పాటు గురించి ఆ ఫారంలో గడి లేదు. అందుకని ఎవరి మీదా తప్పు పడలేదు.

నెల తిరగకుండా ఉత్తరం వచ్చింది. విధి నిర్వహణలో మరణం. కుటుంబం అదే క్వార్టర్లో రెండేళ్లు ఉండవచ్చు.

బడి తెరిచారు. మొదటిరోజు కూతురు యూనిఫాం వేసుకుని గుమ్మంలో ఆగింది.

"ఒక్కసారి నొప్పిగా ఉందని చెప్పుంటే ఏమయ్యేదమ్మా. పక్కనే కదా ఆసుపత్రి. నీకు కూడా చెప్పలేదా?"

ఆమె పిల్ల క్యారియర్ మూత బిగిస్తోంది. బిగిసిన మూతనే మళ్లీ బిగించింది.

"చెప్పలేదమ్మా."

"అంత మొండితనమేంటి ఆ మనిషికి. మనం ఏమైపోతామని కూడా అనుకోలేదు" అంది కూతురు. నాన్నని ఆ మనిషి అనడం అదే మొదలు.

అలా అనకూడదని తల్లి అనలేదు. క్యారియర్ చేతికిచ్చి, "బస్సు వస్తుంది, పద" అంది.