ఒంటిగంటా పదికి తగ్గే వేగం

దయ్యాల మాటెత్తితే నవ్వి లేచిపోయే మనిషిని నేను. లాప్‌టాప్‌లు రిపేరు చేసేవాడికి కనిపించేవన్నీ అంకెలే. అంకె తేడాగా ఉంటే ఏదో పార్టు పోయినట్టు, అంతే.

పోయిన ఎండాకాలం తల్లాడ నుంచి షమీమ్ ఆపా ఒక లాప్‌టాప్ పట్టుకుని భద్రాచలం దారిలో ఉన్న మా ఊరికి వచ్చింది. అది ఆమె భర్త ఖాసిం భాయ్‌ది. పెళ్లి వీడియోలు తీసేవాడు. మామూలు లాప్‌టాప్‌లోనే మ్యాక్ సిస్టం ఎక్కించుకుని, అదే హ్యాకింటోష్ చేసుకుని, ఎడిటింగ్ నడిపేవాడు. సొంత కూతురి పెళ్లి వీడియో ఎడిటింగ్ ముగించి, ఫైనల్ ఫైలు తీయకముందే గుండెపోటుతో పోయాడు. అందులో కూతురితో ఆయన చెప్పిన నాలుగు మాటలున్నాయట.

"ఆయన గొంతు ఇంకెక్కడా లేదు తమ్మీ. ఎట్లన్న తీసియ్యి," అంది.

అది వేడెక్కి ఆగిపోతోంది. ఎంత వేడో చూద్దామంటే వేడి, వేగం కొలిచే సెన్సర్ల దగ్గర అంతా ఖాళీ. వాటి ఫైళ్లు వెతికి ఎక్కించాక అంకెలు వచ్చాయి. ప్రాసెసర్ వేగం మూడు గిగాహెర్ట్జ్, వేడి తొంభై ఎనిమిది డిగ్రీలు. ఫైలు తీయడానికి అరగంట పైనే కావాలి. ఇరవై నిమిషాలు కాకముందే ఆగిపోయేది. ఫ్యాను శుభ్రం చేశాను, ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు మార్చాను. లాభం లేదు. ఆ ఎడిటింగ్ ఇంకో సిస్టంలో తెరుచుకోనే లేదు.

పైగా ఇంకో పీడ. మధ్యాహ్నం ఒంటిగంటా పది కాగానే వేగం దానంతటదే ఒక గిగాహెర్ట్జ్ కిందికి పడిపోయేది. పదిహేను నిమిషాలకు మళ్లీ లేచేది. రోజూ ఇదే తంతు. దాన్ని వదిలించాలని రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. టైమర్ ఏదీ పెట్టి లేదు. ఇంటర్నెట్ లేదు. లోపలి బ్యాటరీ చచ్చి దాని గడియారమే ఏళ్ల వెనక ఉంది. మరి ఒంటిగంటా పది అయిందని దానికెలా తెలుసు?

ఆపాకి ఫోన్ చేసి విసుగ్గా ఈ సంగతి చెప్పాను.

"మా గల్లీ మసీదుల పగటి నమాజ్‌కు జుహర్ అజాన్ గప్పుడే ఇస్తరు తమ్మీ. అజాన్ ఇనవడంగనే ఆయన పని ఆపి పోయేటోడు, పావుగంటల మల్ల వచ్చి కూసునేటోడు."

మా ఊళ్లో మసీదు లేదు. చుట్టూ అడవే. నిజం చెప్పొద్దూ, భయం వేసింది.

మర్నాడు ఒంటిగంటా పది మధ్యలో పడేలా పన్నెండూ యాభై ఐదుకు పని మొదలుపెట్టాను. ఇక ఆగిపోతుందనగా వేగం తగ్గింది, వేడి అరవైకి దిగింది. ఆ పదిహేను నిమిషాలూ చేతులు కట్టుకుని కూర్చున్నాను. నేను చేయగలిగింది ఏమీ లేదు. మళ్లీ వేగం లేచింది. ఫైలు పూర్తయింది. వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను.

ఆ మరుసటి రోజు ఊరికే పరీక్షగా నడిపి చూశాను. ఒంటిగంటా పది అయింది. వేగం తగ్గలేదు. వేడి వందకు ఎక్కి ఆగిపోయింది. ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా వెలగలేదు.

ఆ అంకెల ఫోటోలు నా ఫోన్‌లో ఉన్నాయి. పని తెలిసినవాళ్లకు చూపించాను, ఎవరూ కారణం చెప్పలేకపోయారు. పెన్‌డ్రైవ్ కోసం వచ్చిన ఆపా మాత్రం కారణం అడగలేదు. లాప్‌టాప్‌ను చున్నీలో చుట్టుకుంటూ, "ఇగ ఆయన పని అయిపోయింది గదా," అంది.