పెద్దకొడుకు వయసు, పైన పద్దెనిమిది

నేను రిటైరై పదకొండేళ్ళయింది. అప్పటినుంచి ప్రతి సోమవారం సూర్యాపేటలో అర్జీలు తీసుకునే ఆఫీసు గేటు పక్కన, రేకుల షెడ్డు కింద బల్ల వేసుకుని, చదువురాని వాళ్ళకు ఉచితంగా దరఖాస్తులు రాసిపెడుతున్నాను. దీన్ని సమాజసేవ అంటారు. ఏడాదికోసారి ఎవరో ఒకరు స్టేజి ఎక్కించి శాలువా కప్పుతారు. మన ఎండలకు శాలువా ఏం చేసుకోను? మా ఆవిడ వాటిని బియ్యం డబ్బాల మీద కప్పింది. నిజం చెప్పాలంటే నాకు సేవ మీద అంత ప్రేమేమీ లేదు. ఇంట్లో కూర్చుంటే సారు అని పిలిచేవాడు ఉండడు, అందుకే వస్తాను.

మిర్యాలగూడలో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. సగం సర్వీసు కోదాడలోనే గడిచింది. రేషన్ కార్డుల సర్వే వచ్చినప్పుడు మునగాల వైపు ఊళ్ళు నాకు పడ్డాయి. ఆడవాళ్ళను వయసెంత అని అడిగితే "నాకేమెరుక సారు, నువ్వే ఎంతో కొంత రాసుకో" అనేవారు. పుట్టిన తేదీలు రాసిపెట్టుకునే ఇళ్ళు కావవి. పైనుంచేమో తొందర. అప్పుడు నేనో ఉపాయం కనిపెట్టాను. ఇంట్లో పెద్దకొడుకో పెద్దకూతురో, వాళ్ళ వయసు అడిగి దానికి పద్దెనిమిది కలపడం. తల్లి వయసు వచ్చేస్తుంది. మా ఆఫీసరు మెచ్చుకుని మిగతా వాళ్ళకూ అదే నేర్పమన్నాడు. నేర్పాను. కొన్నాళ్ళు ఆఫీసులో ఆ లెక్కను నా పేరుతోనే పిలిచారు, నేను పొంగిపోయాను కూడా. రాసేవాడికి చెప్పేవాడు లోకువ.

పోయిన వానాకాలంలో ఒక సోమవారం మునగాల దగ్గరి పల్లె నుంచి ఒకామె వచ్చింది. కూలి చేసుకునే మనిషి. నడుము వంగింది, ముందు పళ్ళు లేవు. ముసలి పింఛనుకు రెండుసార్లు పెట్టుకుంటే రెండుసార్లూ తిప్పి పంపారట. ఆధార్ కార్డు చూశాను. పింఛను వయసుకు ఇంకా ఆరేళ్ళు తక్కువ ఉంది. ఏ కాగితం చూసి ఈ వయసు వేశారని అడిగితే, సంచిలోంచి పాత రేషన్ కార్డు తీసింది. ప్లాస్టిక్ కవరులో పెట్టి భద్రంగా దాచుకుంది. చేతిరాత నాది.

"నువ్వే గద సారు రాసింది. మా అరుగు మీద కూసోని చాయ్ గూడ తాగినవ్" అంది. నాకు ఆ అరుగు గుర్తులేదు, చాయ్ గుర్తులేదు.

"నీ పెద్దకొడుకు పుట్టినప్పుడు నీకెన్నేండ్లు?" అని అడిగాను.

"వాడు పెద్దోడెట్లయితడు సారు? వానికంటే ముందు ముగ్గురు పుట్టిండ్రు. ఇద్దరాడపిల్లలు, ఒక పిలగాడు. దక్కలే. వీడు పుట్టేసరికి పెండ్లయి పదేండ్లు దాటింది."

"మరి ఆనాడే చెప్పొద్దా అమ్మా?" నా గొంతు పెరిగింది. తప్పు ఆమెదే అయితే బాగుండుననిపించింది.

"నువ్వడగలే గద సారు. బతికున్నోళ్ళ పేర్లే చెప్పుమన్నవ్."

ముగ్గురిని కని, ముగ్గురినీ మట్టిలో పెట్టిన పదేళ్ళవి. వాటిని నేను ఆమె వయసులోంచి తీసేశాను. ఇలాంటి తల్లులు ఇంకెంతమందో.

ముందు ఆమెను దవాఖానకు తీసుకుపోయాను, వయసు నిర్ధారించి రాసిస్తారేమోనని. అక్కడి డాక్టరు ఆధార్ కార్డు అడిగి తీసుకుని, అందులో ఉన్న వయసే రాసిచ్చాడు. ఇక మిగిలింది నా మాట. 'ఈ వయసు నేను అంచనాగా రాసింది, తప్పు నాది' అని తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఆమె రేషన్ కార్డు పట్టుకుని ఆఫీసులోకి పోయాను. కుర్చీలో ఉన్నది ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న మనిషే. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు, చాయ్ తెప్పించాడు, కాగితం చదివి మెల్లగా నా వైపే జరిపాడు.

"ఇది తీసుకుంటే మీరు తిరిగిన ఊర్లన్నీ తిరగదోడాలె సార్. బడి సర్టిఫికెట్ గాని, పుట్టిన తేదీ కాగితం గాని తెమ్మనుండ్రి."

"బడి మొఖమే సూడని మనిషి యాడికెల్లి తెస్తదయ్యా?"

"రూల్ మీకు తెల్వందా సార్? కాగితం లేంది కలం కదపొద్దని మాకు నేర్పిందే మీరాయె."

నేను చాయ్ తాగాను. తిట్టి లేచి రావలసింది. ముప్పై అయిదేళ్ళ నౌకరీ కుర్చీకి ఎదురు మాట్లాడటం ఒక్కటే నేర్పలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి వచ్చాను.

ఆమె రేకుల షెడ్డు కింద నా బల్ల పక్కనే గొంతుక్కూర్చుని ఉంది. పని కాలేదని, ఇంకా ఆరేళ్ళు ఆగాలని చెప్పాను. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. పెడితే బాగుండేది. ఆమె నా చేతిలోంచి కార్డు తీసుకుని కవరులో పెట్టుకుంది, మోకాళ్ళ మీద చేతులాన్చి రెండుసార్లకు లేచింది.

"సరే తియ్యి సారు. కాగితం మీద ఇంకా ముసల్దాన్ని కాలేదంటివి. ఊర్ల నాట్లు పడుతున్నయ్, పోయి నాటేస్త."