అక్క కళ్లు కడిగిన పంచమి

నాగుల పంచమి నాడు గద్వాలలో మా వాడ మగ్గాలన్నీ ఆగిపోయేవి. ఆ రోజు కత్తి పట్టరు, పొయ్యి మీద పెనం పెట్టరు, దారం పోగు కూడా తెంపరు. ఆడపిల్లలం ఉపవాసముండి పుట్టలో పాలు పోసి, మిగిలిన పాలలో పువ్వు ముంచి అన్నదమ్ముల కళ్లు కడగాలి. అప్పుడే జొన్నపేలాలూ బెల్లమూ నోట్లో వేసుకోవాలి. ఆ తర్వాత ఉయ్యాల.

మా ఇంట్లో ఇద్దరమూ ఆడపిల్లలమే. అందుకని ఏటా మా పెదనాన్న కొడుకు కళ్లే మాకు గతి. ఆ దొరగారికి పంచమి నాడే ఎక్కడలేని పనులూ పుట్టుకొచ్చేవి. చెడుగుడు ఆడి, వాగులో ఈదులాడి, మా కడుపులు వీపుకంటుకున్నాక నింపాదిగా వచ్చి కూర్చునేవాడు. మేం పోయేసరికి ఉయ్యాల తాడు విప్పుతుండేవారు. పైగా, మా వాడు లేకపోతే మీ గతేమిటని పెద్దమ్మ ప్రతిసారీ గుర్తుచేసేది. ఆ మాటకు నాకు ఒళ్లు మండేది.

అవి యుద్ధం రోజులు. నూలు దొరకడమే గగనమైన ఆ ఏడు నాన్న కీళ్లు పట్టేసి మంచాన పడ్డాడు. పదిహేనేళ్ల అక్క మగ్గం గుంటలోకి దిగింది. ఆడపిల్ల మగ్గం నేయడమేమిటని వాడంతా ముక్కున వేలేసుకుంది. ఆమె నేసిన పట్టు అంచు చూశాక అందరి నోళ్లూ మూతపడ్డాయి.

ఆ పంచమికి పుట్ట దగ్గర నుంచి రాగానే పెద్దమ్మ మమ్మల్ని వాళ్లింటికి రమ్మంది. నాకప్పుడు పదేళ్లు, ఒళ్లంతా పొగరు. రానన్నాను.

“మరి ఎవరి కండ్లు కడుగుతవే? పుట్ట కండ్లా?” అంది పెద్దమ్మ.

“మా అక్కయి కడుగుత.”

వాకిట్లో ఆడవాళ్లు పకపకా నవ్వారు. అక్క తల వంచుకుంది. మా నాయనమ్మ కాదంటే మళ్లీ ఆ దొరగారి గుమ్మమే. ఆమె గడప మీద కూర్చుని పెద్దమ్మ వైపే చూసింది.

“ఇల్లు సాకెటోళ్ల కండ్లు సల్లగుండాలెనని కడుగుతరు. గీ యేడు ఇల్లు సాకింది ఎవరు?” అంది.

లోపల మంచం మీంచి నాన్న, కడుగు బిడ్డా అన్నాడు.

అక్కను పీట మీద కూర్చోబెట్టి కళ్లు కడిగాను. జరీ పోగులు చూసి చూసి ఎర్రబడిన కళ్లు. తర్వాత ఆమె నా కళ్లు కడిగింది. అన్నలు ఇచ్చే కానుక నాకెక్కడిదిలే అనుకుంటుండగా, లేచి వెళ్లి మగ్గం పక్క గూట్లోంచి ఒక జడకుచ్చు తెచ్చింది. నేతలో మిగిలిన పట్టు ముక్కలతో అల్లినది. నా జడకు కట్టింది.

వాడ మొత్తంలో మొదట పేలాలు తిన్నది మేమే, మొదట ఉయ్యాల ఎక్కింది మేమే. పెద్దమ్మ కూతురు ఇంకా వాళ్ల అరుగు మీద అన్న కోసం ఎదురుచూస్తోంది. నేను ఊగుతుంటే కుచ్చు వీపుకు తగులుతోంది. అప్పుడు తట్టింది నాకు. పంచమి నాడు దారం తెంపరు. అంటే అక్క దాన్ని ముందే అల్లిపెట్టింది, నేను ఆ మాట అనకముందే.

ఇంకా గట్టిగా ఊపమని అక్కను అడిగాను.