విడవాలనిపించని ఉపవాసం

సహోదరులారా, సహోదరీలారా, ఈ మాట చెప్పడానికే ప్రభువు నన్ను బతికించి ఉంచాడు, అందుకని ముందు ఆయనకు వందనం, తర్వాత మీకు. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు, నేను చెబుతుంటే మన సండేస్కూలు టీచరమ్మ రాస్తోంది, తనే మీకు చదివి వినిపిస్తుంది, తప్పులుంటే నావే అనుకోండి.

నా పేరు కరుణమ్మ, పొదిలి దగ్గర మా ఊరు. మా ఆయన పోయినప్పటి నుంచి కొడుకు, కోడలు సుగుణ దగ్గర ఉంటున్నాను. కొడుకు లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు, ఇంట్లో నేనూ సుగుణే. నాకు షుగరు ఉంది, అది ఇప్పటిది కాదు, మా ఆయన ఉండగానే వచ్చింది, మాత్రలతో మొదలై సూదుల దాకా పోయింది, కాలికి పుండు పడి మానక చివరికి బొటనవేలు తీసేశారు. మిరప కోతలో నాతో సమానంగా సాలు పట్టేవాళ్లు లేరని పేరున్న మనిషిని, వేలు పోయాక చేలో నిలబడలేకపోయాను. కల్లంలో కూర్చుని ఎండిన కాయల్లోంచి తెల్లబారిన తాలు కాయలు ఏరే పని ఇచ్చారు, సరే అదైనా ఇచ్చాడు ప్రభువు అనుకున్నాను.

కానీ ఏదో పోయింది సహోదరులారా. ఏం పోయిందో చెప్పడం రాదు నాకు. ఏరుతూ ఉంటే ఆడవాళ్లందరూ కబుర్లాడుకుంటారు, నవ్వుకుంటారు, నాకు ఆ మాటలు గోడ అవతల నుంచి వినబడుతున్నట్టు ఉండేవి. నాతోపాటు పెరిగిన రాహేలమ్మ నోరు ఊరుకోదు, "ఏమే కరుణా, సూది ఈసారి నాలిక్కి పొడిచారా ఏంది, మాటే లేదు?" అని ఎగతాళి చేసింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఇంటికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాను. లేవబుద్ధి కాదు, తినబుద్ధి కాదు, తల దువ్వుకోబుద్ధి కాదు.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. అన్నం వద్దంటే వంద ప్రశ్నలు అడుగుతారు గానీ, ఉపవాసంలో ఉన్నానంటే ఇంకో ప్రశ్న అడగరు. అడిగితే దేవుని పనికి అడ్డం వచ్చినట్టు. నేను ఆ మాట పట్టుకున్నాను. సుగుణ కంచం పెడితే ఉపవాసం అన్నాను, మర్నాడూ అదే అన్నాను, ఇన్ని నీళ్లు తాగి పడుకున్నాను. తినని మనిషి సూది వేసుకుంటే కళ్లు తిరిగి పడిపోతుంది కదా, అందుకని సూదీ మానేశాను, అదీ ఎవరూ అడగలేదు. చుట్టుపక్కల వాళ్లు కరుణమ్మ ఎంత భక్తిలో ఉందో చూడండి అన్నారు. శుక్రవారం ఉపవాస ప్రార్థన కూడికలో మన పాస్టరు అయ్యగారు నన్ను చూపించి, ఈ తల్లికున్న ఆసక్తి మనకూ ఉండాలి అని చెప్పారు. నేను మోకాళ్ల మీద ఉండి, "ప్రభువా, ఇక చాలు, నన్ను నీ దగ్గరికి తీసుకో" అని ప్రార్థన చేస్తే సంఘమంతా ఆమెన్ అన్నది. పరలోకం మీద ఆశ అనుకున్నారు. అది పరలోకం మీద ఆశ కాదు సహోదరులారా, ఇక్కడ ఉండలేకపోవడం. ఆ రెంటికీ తేడా అప్పుడు నాకే తెలియదు, వాళ్లకు ఎలా తెలుస్తుంది.

ఒకరోజు నీళ్ల బిందె దగ్గర కూలబడిపోయాను. సుగుణ ఆటో పిలిచి షుగరు వాళ్లను చూసే ఆసుపత్రికి తీసుకుపోయింది. సెలైను పెట్టి, కాస్త తేరుకున్నాక నన్ను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు, సుగుణ మందుల కోసం వెళ్లింది. అప్పుడొక అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. పేరు రెహానా, పొదిలి పిల్లే, వాళ్ల నాన్న బట్టలు కుడతాడట. పెద్ద చదువు చదువుతోంది, ఏళ్ల తరబడి జబ్బుతో, మందులతో బతికేవాళ్ల మనసు ఎలా ఉంటుందో అడిగి తెలుసుకోవడమే ఆ చదువట. ఇదేం చదువమ్మా అనుకున్నాను.

నిద్ర పడుతోందా అమ్మా అని అడిగింది, దేవుని కృప అన్నాను. ఆకలేస్తోందా అంది, దేవుని కృప అన్నాను. పనికి పోతున్నారా, నలుగురితో మాట్లాడబుద్ధవుతోందా అంటే, అంతా దేవుని కృప అన్నాను. మనకు అలవాటైన మాట కదా, ఎవరేం అడిగినా అదే నోట్లోంచి వస్తుంది. ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు, మెల్లగా అంది:

"దేవుడు బాగానే ఉంటాడమ్మా. మీరెట్టా ఉన్నారు?"

నాకు కోపం రావాలి, రాలేదు. నేను ఉపవాసంలో ఉన్నానమ్మా అన్నాను, ఆ మాటతో ఊరుకుంటుందని. ఆ పిల్ల ఊరుకోలేదు.

"మేమూ ఉంటామమ్మా రోజా, రంజానులో. సాయంత్రమయ్యేసరికి ఎప్పుడెప్పుడు తిందామా అని గిన్నె వంకే చూస్తా కూర్చుంటాం. మీ ఉపవాసం ఎప్పుడు విడుస్తారు?"

"విడవాలని లేదమ్మా" అన్నాను.

అన్నాక నా మాట నాకే వినబడింది. చిన్నప్పటి నుంచి ఎన్ని ఉపవాసాలు చేశాను, విడిచే వేళకి మా అమ్మ కలిపే చారన్నం కోసం ఎంత ఎదురు చూశాను. ఆకలి లేని ఉపవాసం ఎక్కడుంది?

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, "బతకాలని లేదా అమ్మా?" అని తిన్నగా అడిగింది. అంతవరకూ ఎవరూ అడగలేదు. తల ఊపాను, ఏడుపు వచ్చింది, చాలాసేపు ఏడ్చాను. అలా అనకూడదని చెప్పలేదు, పాపమనలేదు. "ఇది నా చదువు కోసం రాసుకుని పోయే మాట కాదమ్మా. డాక్టరు గారికి చెప్పాలి, మీ ఇంట్లో ఒకరికి చెప్పాలి. మీరు చెప్పండి, నేను పక్కనే ఉంటా" అంది. ఉంది కూడా.

సుగుణకు చెప్పాను. మందుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని, "నేను రోజూ కంచం కడిగి బోర్లిస్తా ఉన్నా గదత్తా, నాకు ఒక్క మాట చెప్పకూడదా" అంది. అంతే. ఆ రోజు నుంచి నా సూది తన చేత్తోనే వేస్తోంది.

డాక్టరు గారు వివరంగా చెప్పారు. ఇలా ఏళ్లకొద్దీ ఉండే జబ్బుల్లో ఒంటితోపాటు మనసూ కుంగిపోవడం ఉంటుందట, అదీ జబ్బే, దానికీ మందు ఉందట, మాట్లాడి నయం చేసేవాళ్లూ ఉన్నారట. రెహానా కూడా నాలాంటి వాళ్లను ఇంకా చాలామందిని చూశానని చెప్పింది. విశ్వాసం తక్కువై ఇలా అయ్యానేమో అని లోపల కుమిలిపోతున్న నాకు ఆ మాట చల్లటి నీళ్లు పోసినట్టయింది.

అయ్యగారికి చెప్పడమే కష్టమైంది. నన్ను చూడ్డానికి ఇంటికొచ్చారు, అయ్యగారూ అది ఉపవాసం కాదు, చావాలని తినడం మానేశాను అని చెప్పేశాను. ఆయన నా మంచం పక్కన నేల మీద మోకరించి ప్రార్థన చేశారు: "తండ్రీ, ఈ తల్లి మా మధ్యనే మోకాళ్ల మీద ఏడ్చింది, మేము ఆమెన్ అన్నాం. మమ్మల్ని క్షమించు. ఈమెను మాకు ఉంచు." నేను ఎన్నో ప్రార్థనలు విన్నాను సహోదరులారా, నన్ను ఉంచమని అడిగిన ప్రార్థన అప్పుడే విన్నాను.

ఒక్కసారిగా బాగుపడ్డానని చెప్పను, అబద్ధమవుతుంది. మాత్రలు వేసుకున్నాను, పిలిచిన రోజున పోయి ఆ మాట్లాడి నయం చేసే అమ్మ దగ్గర కూర్చున్నాను, కొన్ని రోజులు వెనక్కి కూడా పోయాను. ఒక ఉదయం సుగుణ పొయ్యి మీద తాలింపు వేస్తుంటే ఆ వాసనకి కడుపులో కదిలింది. ఆకలి! మర్చిపోయిన చుట్టం ఇంటికొచ్చినట్టు అనిపించింది. ఏమన్నా ఉందా పెట్టు అన్నాను, సుగుణ గరిటె పట్టుకుని అలాగే నిలబడి నా వంక చూసింది. దేవునికే మహిమ!

షుగరు పోలేదు, పోయిన వేలు రాదు. మళ్లీ కల్లానికి పోతున్నాను, రాహేలమ్మకు నేను ఎదురు జవాబు చెబితే, "దీనికి ఏం మందిచ్చారే, మాట లేనప్పుడే బాగుండేది" అంటోంది. శుక్రవారం కూడికలో షుగరు, బీపీ ఉన్నవాళ్లు తిని, మందు వేసుకునే రావాలని అయ్యగారు చెబుతున్నారు. నన్ను లేపడానికి ప్రభువు ఒక ముస్లిం ఇంటి ఆడపిల్లను పంపాడు, ఎవరిని పంపాలో ఆయనకు తెలుసు, ఆ బిడ్డను చల్లగా చూడమని రోజూ అడుగుతున్నాను.

ఇది వింటున్న మీలో గోడవైపు తిరిగి పడుకున్నవాళ్లు ఉంటే, ప్రభువు మీ మీద కోపంతో లేడని నమ్మండి. ఇంట్లో ఒకరికి చెప్పండి, ఆసుపత్రికి పోండి, అది ఆయన దగ్గరికి పోయే దారే. ఎవరికీ చెప్పలేకపోతే నా దగ్గరికి రండి. శుక్రవారం కూడికయ్యాక మందిరం వెనక వంటపాకలో ఉంటాను. ముందు అన్నం పెడతాను, తిన్నాక మీరు చెప్పేది వింటాను, ఆ తర్వాత ఇద్దరం కలిసి ప్రార్థన చేసుకుందాం.