కొండతోటలో కార్తీక కథ

నాగేశ్వరికి పేర్లు గుర్తుండటం మానేసి ఏడాది కావొస్తోంది. నల్లగండ్లలో వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. పేరు తట్టని వాళ్ళందరినీ ఆవిడ "బంగారం" అని పిలిచేది. వాళ్ళు అది ప్రేమనుకుని మురిసిపోయేవారు. పొయ్యి మీద పాలు మాడితే, ఫోను వచ్చిందని చెప్పేది. కోడలు కిరణ్మయి నమ్మేది. ఆఫీసు పనిలో తలమునకలైన మనిషి, నమ్మక ఏం చేస్తుంది?

అందరినీ నమ్మించినా తన భయాన్ని మాత్రం నమ్మించలేకపోయింది. ఆవిడ అక్క రాజరాజేశ్వరి చివరి రోజుల్లో అద్దంలో తనను తానే చూసుకుని, "ఎవరండీ మీరు? కూర్చోండి, కాఫీ తెస్తాను" అని మర్యాద చేసేది. ఆ జబ్బు తనకూ పట్టిందని తెలిస్తే మనవరాలు బుజ్జిని తన చేతికి ఇవ్వరు. భర్త పోయి, కాకినాడ వదిలి కొడుకు శ్యామ్ దగ్గరికి వచ్చాక ఆవిడ లోకమంతా ఆ నాలుగేళ్ళ పిల్లే. స్కూలు బస్సు దగ్గర నుంచి తీసుకురావడం, అన్నం తినిపించడం, నిద్రపుచ్చడం, అన్నీ ఆవిడే. అందుకే కడుపులో నిప్పు పెట్టుకుని పైకి నవ్వుతూ తిరిగింది.

కార్తీకమాసంలో ఒక ఆదివారం అపార్ట్‌మెంట్ వాళ్ళంతా బస్సు మాట్లాడుకుని వనభోజనాలకు బయలుదేరారు. వెళ్ళింది ఒక పాత తోటకి. ఎప్పుడో ఒక నవాబు కొండవాలును మెట్లు మెట్లుగా చెక్కించి వేయించాడట. కింద చెరువు, చెరువుకి అవతల అద్దాల ఆఫీసులు. తోట అంచున రాతి పిట్టగోడ ఉంది గానీ సగం చోట్ల కూలిపోయింది. అది చూడగానే నాగేశ్వరి బుజ్జి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఉసిరి చెట్టు కింద పూజ అయ్యాక కిరణ్మయి వడ్డన ఏర్పాట్లకు లేచింది. "అత్తయ్యగారూ, బుజ్జిని చూస్తుండండి."

"నేనుండగా నీకెందుకమ్మా బెంగ? వెళ్ళు."

ఇంతలో కార్తీక కథ చెప్పమని ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. ఏటా ఆవిడే చెబుతుంది. అక్షతలు గుప్పిట పట్టుకుని అందరూ కూర్చున్నారు. చిన్నప్పుడు అమ్మ నోట విన్న కథ, ఒక్క ముక్క పొల్లు పోలేదు. పాత సంగతులన్నీ ఇనప్పెట్టెలో దాచినంత భద్రం. చెప్పకుండా జారిపోయేవి నిన్నటివీ, ఈ పూటవీ. కథ ముగిశాక అందరూ అక్షతలు నెత్తిన వేసుకుని, "ఈ వయసులో ఏం జ్ఞాపకశక్తి అండీ మీది" అని మెచ్చుకున్నారు. చాలా రోజుల తర్వాత నాగేశ్వరికి మనసు తేలికపడింది.

కిరణ్మయి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "బుజ్జి ఏదండీ?"

"స్కూల్లో కదమ్మా" అంది నాగేశ్వరి, ఏమాత్రం తడుముకోకుండా.

కిరణ్మయి మొహంలో నెత్తురు చుక్క లేదు. కూలిన పిట్టగోడ వైపు పరుగెత్తింది. ఆ పరుగు చూశాక గానీ నాగేశ్వరికి ఇది ఆదివారమనీ, కింద చెరువుందనీ, పొద్దుటి నుంచి తన చేతిలో ఒక చిన్న చెయ్యి ఉండేదనీ తట్టలేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. అరవబోతే, మనవరాలి పేరు నోటికి రాలేదు.

"పరేషాన్ గాకు అక్కా, పాప ఈడనే ఉంది" అని పక్క ఫ్లాట్ అఖిల కేకేసింది. "పెద్దమ్మ ఎనకాల్నే పండుకుంది. కథ మొదలుపెట్టక ముందు శాలువా గూడ పెద్దమ్మనే కప్పింది. నేను చూసిన."

నాగేశ్వరి వెనక్కి తిరిగింది. పిల్ల చాప మీద ముడుచుకుని పడుకుంది. శాలువా తనదే. కప్పినట్టు మాత్రం గుర్తు లేదు.

అందరూ గొల్లున నవ్వారు. పెద్దావిడ భలే ఆటపట్టించిందన్నారు. కిరణ్మయి కూడా పిల్లను గుండెకు హత్తుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఇలాంటి హాస్యాలు వద్దండీ అత్తయ్యగారూ. నా ప్రాణం పోయింది."

ఔను, హాస్యమే అనేస్తే సరిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. రేపు మళ్ళీ బుజ్జి తనదే అయ్యేది. నాగేశ్వరి పిల్ల నిద్రమొహం వంకా, విరిగిన గోడ వంకా చూసింది. కోడలి చెయ్యి పట్టుకుంది.

"హాస్యం కాదు తల్లీ. నిజంగానే స్కూల్లో ఉందనుకున్నాను. రేపటి నుంచి దాన్ని నా ఒక్కదాని దగ్గర వదిలి వెళ్ళకండి."