మా అమ్మానాన్నల రెండో పెళ్ళి

మా అమ్మానాన్నల పెళ్ళికి నేను వెళ్ళాను. అక్షింతలు కూడా వేశాను. చెబితే ఎవరూ నమ్మరు.

సునామీ వచ్చినప్పుడు నాన్న కార్ నికోబార్ దీవిలో హిందీ మాస్టారు. మేము పోర్ట్ బ్లెయిర్‌లో, డిగ్నాబాద్‌లో ఉండేవాళ్ళం. తొమ్మిది రోజులు ఏ కబురూ లేదు. అక్కడినుంచి వచ్చిన ఒకాయన, నాన్నను అల లాక్కుపోవడం కళ్ళారా చూశానన్నాడు. నాయనమ్మ ఏడ్చి ఏడ్చి, కొడుకు ఆకలితో తిరగకూడదని పదో రోజు కర్మ పెట్టించింది. ఆ రోజే అమ్మకు గాజులు, తాళి తీయించాలి. అమ్మ మాత్రం "నేను చూడలేదు, నేను తియ్యను" అని చేతులు రెండూ కొంగులో దాచుకుని కూర్చుంది.

పంతులుగారిది బిహార్. మంత్రంలోనూ అదే మాట, హిందీలోనూ అదే మాట: మృత్యువు. సెలవుల్లో నాన్న నాచేత పలక మీద దిద్దించిన మాటే. ఆ రోజు వినలేక చెవులు మూసుకున్నాను.

బాబాయి పిండాలు పెట్టేశాడు. ఆడవాళ్ళు అమ్మ చుట్టూ చేరారు. సరిగ్గా అప్పుడే గేటు తీసుకుని నాన్న వచ్చాడు. ఒంటిమీద ఎవరిదో వదులు చొక్కా, కాళ్ళకు చెప్పుల్లేవు. కొండెక్కి, కొబ్బరికాయలు తిని బతికి, ఆ పొద్దున్నే ఓడ దిగాడట.

"ఏటమ్మా ఇది, ఎవరికి?" అన్నాడు విస్తళ్ళు చూసి.

"నీకేరా అయ్యా!" అంటూ నాయనమ్మ కూలబడిపోయింది.

అమ్మ ఏడుస్తూనే నవ్వింది. నాన్న లోపలికి రాబోతే పంతులుగారు చెయ్యి అడ్డం పెట్టాడు. "రుకియే మాస్టర్‌జీ. ఆప్‌కీ మృత్యు హో చుకీ హై." అంటే నాన్న ఇప్పటికే చనిపోయాడట. పిండాలు అందుకున్న మనిషి గడప దాటాలంటే మళ్ళీ పుట్టాలట, పేరు పెట్టించుకోవాలట, ఉన్న పెళ్ళాన్నే మళ్ళీ పెళ్ళాడాలట.

"ఆకలేస్తంది పండిట్‌జీ. ముందు తిని, తర్వాత పుడతాను" అన్నాడు నాన్న. గడప బయట కూర్చుని తన కర్మ భోజనం తనే తిన్నాడు. వంకాయ కూర మారు వేయించుకున్నాడు కూడా.

మరుసటి వారం నాన్న పుట్టాడు. మీసాలున్న ఆ బిడ్డను నాయనమ్మ ఒళ్ళో పడుకోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో పాలు పట్టింది. పేరు దగ్గరే పేచీ వచ్చింది. మృత్యుంజయుడని పెడదామన్నాడు పంతులుగారు.

"గెలిచినా సరే, ఆ మాట నా ఇంట్లో వద్దు" అంది అమ్మ. పాత పేరే మళ్ళీ పెట్టారు.

పెళ్ళిలో పాత తాళి తీసెయ్యమన్నారు. "అంతమంది చుట్టుముడితేనే తియ్యలేదు, ఇప్పుడు తీస్తానా? దానిమీదే కట్టమనండి" అంది అమ్మ. పాతదానిమీదే నాన్న కొత్త తాళి కట్టాడు. మూడో ముడి పడేదాకా నేను దారం పట్టుకున్నాను.

పక్కింటి దీదీ గుమ్మం బయటే నిలబడిపోయింది. ఆమె భర్తా అదే దీవిలో పనిచేసేవాడు, తిరిగి రాలేదు. అమ్మ పీటల మీదినుంచే పిలిచింది. "దీదీ, పెహలే ఆప్." తొలి అక్షింతలు ఆమే వేసింది. గాజుల్లేని ఆ చేతులు చూసి నాకు ఏడుపొచ్చింది.

అమ్మ మెడలో ఇప్పటికీ రెండు పసుపుతాళ్ళు. ఒకటి చాలు కదమ్మా అంటే ఒప్పుకోదు. "కొత్తది మీ నాన్న కట్టింది. పాతది నేను కాపాడుకున్నది" అంటుంది.