కార్డు తెంపుకున్న ఆదివారం

ఏడాది ఫీజు పడబోతోందని ఫోన్‌కు మెసేజ్ వచ్చిన దగ్గరి నుంచి నేను ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ముందుగదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి మేడ మీదికి, మళ్లీ కిందికి. మహబూబ్‌నగర్‌లో మాది చిన్న ఇల్లు. నాలాంటి మనిషి అందులో తిరగడం మొదలుపెడితే మిగిలినవాళ్లు గోడకు అంటుకుని నిలబడాలి.

ఇంతా చేసి అదొక క్రెడిట్ కార్డు. ప్రయాణాల కార్డు అంటారు. దానితో ఏం కొన్నా పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్లతో విమానం టికెట్లు కొనుక్కోవచ్చు. విమానాశ్రయంలో లాంజ్ అనే చల్లటి గదిలో కూర్చుని ఊరికే తినవచ్చు. ఈ వైభోగానికి ఏడాదికోసారి ఫీజు కట్టాలి. నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చాలి. ఫీజు కట్టి కార్డు ఉంచుకోవచ్చు, ఫీజు లేని చిన్న కార్డుకు దిగవచ్చు, లేదా మొత్తానికే తీసేయవచ్చు.

ఆ కార్డు తీసుకున్న రోజుల్లో నా దర్జా వేరు. డ్రిప్పు పైపులు అమ్మే కంపెనీలో నౌకరీ. కొత్త రాష్ట్రం వచ్చిన తొలి సంవత్సరాలవి. కంపెనీ నన్ను శిక్షణలని, మీటింగులని పుణేకు, కోయంబత్తూరుకు, జైపూర్‌కు తిప్పింది. కాలికి బలపం కట్టుకుని తిరిగాను. లాంజ్‌లో ఊరికే పెట్టే ఉప్మా కోసం శంషాబాద్‌కు చాలా ముందుగా పోయి కూర్చునేవాడిని. ఆ ఉప్మా మా ఇంట్లో చేసే ఉప్మా కాలిగోటికి సరిపోదు. అయినా రెండోసారి పెట్టించుకునేవాడిని. పక్కన టై కట్టుకున్నవాళ్లు కంప్యూటర్లు ముందేసుకుని కూర్చుంటే, నేనూ ఏదో పెద్ద పని ఉన్నవాడిలా ఫోన్ చూస్తూ తినేవాడిని.

తర్వాత కరోనా వచ్చింది. మీటింగులన్నీ ఫోన్‌లోకి దూరాయి. రోగం పోయినా మీటింగులు మాత్రం మళ్లీ బయటికి రాలేదు. ఇప్పుడు నా ప్రపంచం మహబూబ్‌నగర్ నుంచి కట్టంగూర్ దాకా. పొద్దున్నే కారు తీస్తే దేవరకొండ మీదుగా మర్రిగూడ. అక్కడ పత్తి చేను గట్టు మీద నిలబడి, ఎలుకలు కొరికిన పైపుకు కంపెనీ వారంటీ ఎందుకు వర్తించదో రైతుకు చెప్పి, ఆయనతో నాలుగు చీవాట్లు తిని, ఇంటికి రావడం. లాంజ్ మాట దేవుడెరుగు, చాయ్ తాగడానికి నీడన బెంచీ దొరికితే అదే గొప్ప.

మా ఇంటామె సర్కారు బడిలో లెక్కల టీచరు. ఆమెకిది రెండు నిమిషాల లెక్క. రెండేళ్లుగా విమానం ఎక్కింది లేదు, ఎక్కే యోగం కనబడటం లేదు, మరి ఎక్కని విమానానికి కిరాయి ఎందుకు కట్టాలని ఆమె వాదన. ముందు ఉన్న పాయింట్లతో మంచి మిక్సీ ఒకటి తెప్పించి, ఆ తర్వాత కార్డు తీసేయమని చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. పొద్దున చాయ్‌తో పాటు, రాత్రి అన్నంతో పాటు అదే మాట వడ్డించింది.

నేను సరేనని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయడం, వాళ్లు వినిపించే పాట వినడం, అవతల మనిషి గొంతు వినబడేసరికి పెట్టేయడం. అట్లా ఎన్నిసార్లు చేశానో. ఉంచుకుందామంటే ఇంటామెకు కోపం, తీసేద్దామంటే నా మనసుకు కోపం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది నా పని. చేలల్లో నిలబడి రైతుతో మాట్లాడుతున్నా చేయి జేబులోకి పోయి ఆ కార్డును తడుముతుండేది.

ఎందుకు తీసేయలేకపోతున్నానో నాకు తెలుసు. నేను పుట్టిన పాలమూరు పల్లెలో మనుషులు రెండే రకాలు. పోయేవాళ్లు, ఉండేవాళ్లు. ఎండాకాలంలోనో వానలు మొహం చాటేసినప్పుడో కూలీలను తోలుకుపోయే గుంపు మేస్త్రి ఇంటింటికీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. తీసుకున్నారంటే దసరా దాటాక లారీ ఎక్కాల్సిందే. కాలువ పనో, కట్ట పనో, అది ఏ రాష్ట్రంలోనో లారీ దిగాక తెలిసేది. దాన్ని మా ఊళ్లో బతకపోవడం అనేవాళ్లు. మా అమ్మా నాయినా ఏటా అట్లా బతకపోయేవాళ్లు, నన్ను అవ్వ దగ్గర వదిలి. ముసలివాళ్లు, పిల్లలు, జబ్బు మనుషులు, వీధి కుక్కలు. వీళ్లు ఉండేవాళ్లు. నేను ఆ బాపతులో పెరిగాను.

పోయినవాళ్లు ఉగాదికి తిరిగి వచ్చేటప్పుడు నోట్లో నాలుగు మరాఠీ ముక్కలతో, చేతిలో రంగు రంగుల ప్లాస్టిక్ బకెట్లతో దిగేవాళ్లు. దేశమంతా చూసి వచ్చిన దొరల్లా కనిపించేవాళ్లు నాకు. వాళ్ల అరచేతులు ఎట్లా ఉన్నాయో చూసే వయసు కాదు. పెద్దయితే నేనూ పోవాలి, అంతే అనుకునేవాడిని. జేబులో ఆ కార్డు ఉన్నంతకాలం నేను పోయేవాడిని. అది తీసేస్తే మళ్లీ ఉండేవాడిని అయిపోతానని భయం. ఈ మాట ఇంట్లో చెబితే నవ్వుతారని చెప్పలేదు.

మా నాయిన ఎప్పుడో చనిపోయాడు. అమ్మ మాతోనే ఉంటుంది. ఆ శనివారం సాయంత్రం ఆమె ముందుగదిలో మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నది. నేను తిరుగుతూ తిరుగుతూ మా ఇంటామెతో విసుగ్గా అన్నాను, ఈ నెలలో తెగ్గొట్టుకోకపోతే నన్ను మళ్లీ ఏడాదికి కట్టేస్తారని. అమ్మ చేతులు ఆగిపోయాయట. నేను చూడలేదు.

నేను మేడ మీదికి పోయాక అమ్మ కోడలిని అడిగిందట, ఏం కార్డు అది, ఏం కట్టేయడమని. మా ఇంటామె పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ తలెత్తకుండానే చెప్పింది. బ్యాంకువాళ్లు ముందుగా డబ్బులిస్తారు, మనం తర్వాత తీర్చాలి, ఈయనేమో ఎటూ పోవడం లేదు, అదీ తంటా అని. ఎటు దిక్కు పోవాల్నట అని అమ్మ అడిగింది. దేశంలో ఎటైనా పోవచ్చు అత్తమ్మా అని ఈమె జవాబు. అమ్మ ఇంకేమీ అడగలేదు. ముందుగా డబ్బులివ్వడం, ఏడాదికి కట్టేయడం, దేశంలో ఎటంటే అటు పోవడం. ఆమెకు ఇంకా అడగాల్సినది ఏమీ మిగల్లేదు మరి.

ఆదివారం పొద్దున నేను పాల ప్యాకెట్ కోసం తలుపు తీస్తే, అమ్మ అరుగు మీద కూర్చుని ఉన్నది. తలకు నూనె రాసుకుని గట్టిగా ముడి వేసుకున్నది. కాళ్లకు చెప్పులు. పక్కన చద్దరులో కట్టిన మూట.

యాడికి పోతున్నవమ్మా అన్నాను.

"నువ్వు పోతే నౌకరి పోతది బిడ్డా. నేను పోత," అన్నది. "పైసలు నువ్వు తీస్కున్నా, ఇంట్లకెల్లి ఎవలో ఒకలు పోతే సాలు. అడిగి సూడు, ఒప్పుకుంటరు."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాను. లోపలి నుంచి మా ఇంటామె వచ్చింది, విని తనూ నవ్వింది. అమ్మ మాత్రం నవ్వలేదు. నవ్వుతూనే ఆ మూట విప్పి చూశాను. రెండు చీరలు. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన బీపీ గోలీలు. జొన్నపిండి, కారం పొడి, ఒక సత్తు గిన్నె. అన్నిటికీ అడుగున పాత చీర పేలిక ఒకటి, గుండ్రంగా చుట్టి దారంతో బిగించి ఉన్నది. తట్ట మోసేటప్పుడు నెత్తి మీద పెట్టుకునే గుడ్డ చుట్ట అది. రాత్రి కూర్చుని కొత్తగా చుట్టింది.

నా నవ్వు ఆగింది. మెట్లు ఎక్కాలంటే కోడలి భుజం పట్టుకునే మనిషి, నా కోసం మట్టి మోయడానికి తయారై కూర్చుంది. నాకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది. ఇంటామె ముందు ఏడవలేక ఆ గుడ్డ చుట్టను చేతిలో అటూ ఇటూ తిప్పాను.

పక్కన కూర్చుని నచ్చజెప్పాను. ఇది మేస్త్రి వ్యవహారం కాదు, బ్యాంకుది, ఎవరూ లారీ పట్టుకుని రారు, ఎవరూ తోలుకుపోరు, ఫీజు కడితే కట్టవచ్చు లేకుంటే లేదు అన్నాను. అమ్మ నా మొహం చూస్తూ విన్నది. మేస్త్రులు కూడా ఇట్లాగే నెమ్మదిగా నచ్చజెప్పేవాళ్లేమో, ఒక్క ముక్క నమ్మలేదు.

"ఏం లేకుంటే గిన్ని దినాలసంది గట్లెందుకు తిరుగుతున్నవ్ ఇంట్ల? నా ముంగట తెంపుకో," అన్నది.

అరుగు మీదే కూర్చుని ఫోన్ చేశాను. ఈసారి పాట అయిపోయేదాకా ఆగాను. అమ్మకు వినబడాలని స్పీకర్ పెట్టాను. ఒకమ్మాయి మాట్లాడింది, పుస్తకంలోంచి చదివినట్టు చక్కటి తెలుగు. వివరాలు అడిగింది, ఫోన్‌కు వచ్చిన అంకెలు చెప్పమంది, కార్డు వద్దనుకోవడానికి కారణం తెలుసుకోవచ్చా సర్ అన్నది. ఎటూ పోవడం లేదండీ అన్నాను. అంత చిన్న మాట అనడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది.

ఆ అమ్మాయి వదల్లేదు. ఫీజులో సగం తగ్గిస్తామన్నది. వద్దంటే, పోనీ ఫీజే లేని చిన్న కార్డు ఇస్తాం, అది జీవితాంతం ఉచితం అన్నది. నా ప్రాణం లేచి వచ్చింది. చిన్నదైతేనేం, జేబులో ఏదో ఒకటి ఉంటుంది. సరేనండీ అనబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"లెక్క తెంపుతమని పిలిచి గిట్లనే మల్లొకటి చేతుల పెడుతరు. తీస్కోకు," అన్నది.

గుమ్మంలో నిలబడి మా ఇంటామె చేతులతో సైగలు చేస్తున్నది. చేయి గాలిలో గిరగిరా తిప్పుతున్నది, అంటే మిక్సీ అని. అప్పుడే ఆ అమ్మాయి కూడా అదే చెప్పింది. మీకు చాలా పాయింట్లు ఉన్నాయి సర్, ఇప్పుడు కార్డు తీసేస్తే అవన్నీ పోతాయి, వాడుకున్నాక మళ్లీ ఫోన్ చేయండి అని. బుద్ధి ఉన్నవాడు అట్లాగే చేస్తాడు. ఒక్క వారం ఆగితే అయిపోయేది. కానీ అమ్మ కాళ్లకు చెప్పులు అట్లాగే ఉన్నాయి. ఆ వారం రోజులూ ఆమె చెప్పులు విప్పదని నాకు తెలుసు.

పోతే పోనివ్వండి, తీసేయండి అన్నాను.

తీసేసినట్టు ఆ అమ్మాయి చెప్పాక అమ్మ ఫోన్ ఇటివ్వమన్నది. రెండు చేతులతో పట్టుకుని, నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"బిడ్డా, మావోని పేరు కొట్టేసినవా?"

ఇట్లాంటి ప్రశ్నకు వాళ్లకు ఇచ్చిన కాగితంలో జవాబు ఉండదు కదా.

"కొట్టేశానమ్మా," అన్నది ఆ అమ్మాయి. "ఇంకెవరూ అడగరు మిమ్మల్ని."

అమ్మ ఫోన్ నాకిచ్చి చెప్పులు విప్పింది. మా ఇంటామె మిక్సీ పోయిన దుఃఖంలో లోపలికి పోయి గిన్నెలు గట్టిగా సర్దడం మొదలుపెట్టింది. నాకు మాత్రం ఒళ్లు తేలికైంది. కూర్చున్న చోట కాస్సేపు ఊరికే కూర్చోగలిగాను. చాలా రోజుల తర్వాత అది.

అమ్మ మూటలోంచి ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతున్నది. నేను ఊరికే ఆటపట్టిద్దామని అడిగాను, నా పేరు మీద నువ్వు పోతనంటే వాళ్లు ఎట్లా ఒప్పుకుంటారనుకున్నావమ్మా అని.

"ఎందుకొప్పుకోరు? మీ నాయిన సచ్చిపోయినంక ఆయన పేరు మీద నేను చేసి రాలే?"

గోలీల కవరు విప్పుతూ, చాలా మామూలుగా అన్నది.

నాయిన జ్వరంతో ఇంట్లోనే పోయాడు. నేను అప్పుడు ఆరో తరగతి. ఆ ఏడు దసరా దాటాక అమ్మ ఒక్కతే లారీ ఎక్కింది. సాగనంపడానికి రమ్మంటే నేను రాలేదు. గడ్డివాము వెనక దాక్కున్నాను. నాయిన లేకపోయినా నా దగ్గర ఉండకుండా పోయింది, ఈమెకు పోవడమే ఇష్టం అనుకున్నాను. ఆమె తెచ్చిన ప్లాస్టిక్ బకెట్‌తో నీళ్లు పోసుకోవడానికి కూడా మొండికేశాను. ఆ ఏడు అమ్మ ఎందుకు పోయిందని నేను ఎన్నడూ అడగలేదు. చనిపోయిన మనిషి తీసుకున్న అడ్వాన్సు బతికే ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

"ఎన్ని దినాలు చేసినవమ్మా, నాయిన పేరు మీద?"

"లెక్క తెగేదాంక," అన్నది అమ్మ, చద్దరు దులిపి దండెం మీద వేస్తూ.